మల్లయ్య కాలి కింద పెడల్

1974లో సంగతి. ద్రాక్ష కోతలు మొదలైన రోజులు. బోరబండలో రేకుల షెడ్డు వేసుకుని నేను సొంతంగా కార్లు బాగుచేయడం మొదలుపెట్టి అప్పటికి రెండేళ్లు దాటింది. మాది భీమవరం వైపు. పని నేర్చుకుంది విజయవాడలో అయినా నాలుగు మెతుకులు పుట్టింది మాత్రం ఇక్కడే. ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ రాయదుర్గం వైపు అప్పట్లో ఎటు చూసినా రాళ్లగుట్టలు, సీతాఫలం పొదలు. అవి దాటి పుప్పాలగూడ వైపు వెళితే బావులున్న చోటల్లా ద్రాక్షతోటలు ఉండేవి. ఆ తోటల వాళ్ల కార్లు, జీపులు, ట్రాక్టర్లే నా షెడ్డుకు ఆధారం.

అన్నపూర్ణమ్మగారి తోట పుప్పాలగూడలో ఉండేది. ఆవిడది కృష్ణా జిల్లా. భర్త ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ ఆ తోట కొన్నారు. ఆయన పోయాక పిల్లలు అమ్మేద్దామన్నా వినకుండా, రోజూ అమీర్‌పేట నుంచి పాత అంబాసిడర్‌లో వచ్చి తోటపని స్వయంగా చేయించుకునేవారు. ఆ కారు నడిపేది మల్లయ్య. పుప్పాలగూడ మనిషే. యాభై దాటాయి. అయ్యగారు కారు కొన్న రోజు నుంచీ ఆ స్టీరింగ్ అతని చేతిలోనే ఉంది.

ఒక ఉదయం ఇద్దరూ నా షెడ్డుకు వచ్చారు. మల్లయ్య కారు దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. అన్నపూర్ణమ్మగారే ముందు మాట్లాడారు.

"సత్యం, ఈ బండికి బ్రేకు పడుతోందో లేదో నువ్వు తేల్చాలయ్యా. మల్లయ్య పడట్లేదంటాడు. మా వీధిలో మెకానిక్ చూసి శుభ్రంగా ఉందన్నాడు. మా అల్లుడు నడిపాడు, అతనూ బాగుందన్నాడు. నాకు మతిపోతోంది."

నేను మల్లయ్యను అడిగాను. "ఎప్పుడు పడదు? ఎట్లా పడదు?"

"పడ్తది మిస్త్రీ. మొదాలు మంచిగనే పడ్తది. బండి ఆగుతది. ఆగినంక కాలు అట్లనే పెట్టి ఉంచితే, జర సేపటికి పెడల్ నెమ్మదిగ కిందికి పోతది. నేను తొక్కుతలేను. అదే పోతది."

"రోజూనా?"

"రోజు కాదు. ఎప్పుడు పోతదో ఎప్పుడు పోదో సమజైతలేదు."

ఇక్కడ బ్రేక్ సంగతి కొంచెం చెప్పాలి. పెడల్ తొక్కితే ఆ ఒత్తిడి మాస్టర్ సిలిండర్ అనే గొట్టంలోకి పోతుంది. అందులో ఒక పిస్టన్, దాని ముందు చిన్న గిన్నెలా ఉండే రబ్బరు కప్పు ఉంటాయి. ఆ కప్పు బ్రేక్ ఆయిల్‌ను ముందుకు నెడుతుంది. ఆయిల్ సన్నని పైపుల గుండా నాలుగు చక్రాలకూ పోయి, అక్కడున్న చిన్న సిలిండర్లను నెట్టి, బ్రేక్ షూలను చక్రంతోపాటు తిరిగే డ్రమ్ముకు ఆనిస్తుంది. ఎక్కడైనా ఆయిల్ కారితే, లేదా పైపుల్లో గాలి చేరితే, పెడల్ మెత్తబడుతుంది, లేదా కిందికి జారుతుంది. అందుకే పెడల్ జారుతోందని ఎవరైనా అంటే మేము మొదట వెతికేది తడి.

ఆ కారులో ఎక్కడా తడి లేదు. ఆయిల్ డబ్బా నిండుగా ఉంది. నాలుగు డ్రమ్ములూ ఊడదీశాను. చక్రాల సిలిండర్ల తొడుగులు ఎత్తి చూశాను. పొడిగా ఉన్నాయి. రబ్బరు హోసులు వంచి చూశాను, పగుళ్లు లేవు. అయినా గాలి ఉందేమోనని నాలుగు చక్రాల దగ్గరా బ్లీడింగ్ చేశాను. అంటే చక్రం దగ్గర నిపుల్ అనే చిన్న మర వదులు చేసి, పెడల్ తొక్కిస్తూ, బుడగలు వచ్చినంతసేపు ఆయిల్ వదలడం. బుడగ ఒక్కటి కూడా రాలేదు. షూలు డ్రమ్ముకు దగ్గరగా సర్దాను. తరువాత నేనే ఎక్కి ఎర్రగడ్డ దాకా నడిపాను. కాలు వేస్తే బండమీద వేసినట్టుంది. ఆపి, గట్టిగా తొక్కి పట్టుకుని కూర్చున్నాను. ఇంచు కూడా కదల్లేదు.

"బాగానే ఉందమ్మా. సర్దాల్సినవన్నీ సర్దాను," అన్నాను.

మల్లయ్య ఎక్కి ఒకసారి పెడల్ మీద కాలు పెట్టి చూసుకుని, కారు తిప్పుకుని వెళ్లిపోయాడు.

పది రోజులు కాకముందే మళ్లీ వచ్చారు. ఈసారి ముందు బంపర్ ఒక పక్కకు వంగి ఉంది. అన్నపూర్ణమ్మగారు దిగుతూనే, "మల్లయ్యా, అక్కడ టీ తాగిరా," అని అతన్ని పంపించి, నా ముందున్న బెంచీ మీద కూర్చుని జరిగింది చెప్పారు.

తోట గేటు పల్లంలో ఉంది. రోడ్డు మీదనుంచి దిగుడు దిగి గేటు ముందు ఆగాలి. లోపలివాళ్లు వచ్చి గేటు తీస్తారు. ముందురోజు గేటు తీయడానికి యాదమ్మ అనే కూలీ మనిషి వచ్చింది. బుట్ట కింద పెట్టి గొలుసు విప్పుతోంది. ఆగిన కారు మెల్లగా ముందుకు జరిగింది. మల్లయ్య కేక వేశాడు, హ్యాండ్ బ్రేక్ లాగాడు. యాదమ్మ పక్కకు దూకింది. బుట్ట నలిగిపోయింది, బంపర్ గేటు స్తంభానికి తగిలింది.

"నేను వెనక సీట్లోనే ఉన్నాను సత్యం. నా పక్కన మనవరాలు ఉంది. నువ్వు చూసి బాగుందన్న బండి. మరి జరిగింది దేనివల్ల?"

నేను వంగిన బంపర్ వైపు చూశాను.

ఆవిడ గొంతు తగ్గించారు. "మా ఇంట్లో అందరూ ఒకటే మాటంటున్నారు. మల్లయ్య కాలు మొద్దుబారుతోంది, కాలు జారిపోతున్నా అతనికి తెలియట్లేదు అని. ఆ వయసులో అలాంటివి వస్తాయట. మనిషి మంచివాడే. కానీ రేపు ఎవరైనా చక్రం కింద పడితే మంచితనం వచ్చి అడ్డుపడదు కదా. సోమవారం నుంచి ఇంకో కుర్రాణ్ని రమ్మందామంటున్నాడు మా అల్లుడు. నేను ఇంకా సరే అనలేదు. నువ్వు తేల్చు."

ఆవిడ రోడ్డు అవతల తెలిసినవాళ్ల ఇంటికి వెళ్లాక మల్లయ్య వచ్చాడు. కారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"అమ్మ చెప్పింది కదా మిస్త్రీ. నేను నిన్న దవాఖానకు పోయొచ్చిన. డాక్టరు సుత్తెతోని మోకాలు మీద కొట్టిండు, సూదితోని అరికాలు పొడిచిండు. మంచిగనే ఉందన్నడు. మళ్ల, పెద్దతనంల ఎప్పుడన్న తిమ్మిరెక్కుతదా అనడిగిండు. ఎక్కుతది అన్న. అబద్ధమెందుకు చెప్పాలె?"

"నిన్న గేటు దగ్గర ఎక్కిందా?"

"అదే తెలుస్తలేదు. నా కాలు పెడల్ మీదనే ఉంది. ఆ పిల్ల మీదికి బండి పోతున్నది. కాలు తొక్కుతున్నదా, వదిలిందా, నాకే సమజ్ కాలే." నా వైపు చూడకుండా అన్నాడు. "తప్పు బండిలనే ఉందని చెప్పుండ్రి. మీరు చెప్తే అమ్మ నమ్ముతది."

ఆ మాట నన్ను ఇరుకున పెట్టింది. బండిలో ఉందని చెప్పడానికి నాకు బండిలో ఏమీ కనబడలేదు. లేదని చెబితే అతని ఉద్యోగం పోతుంది. తెలియకుండా ఉందని చెప్పి, రేపు నిజంగా కాలిదే తప్పయితే, యాదమ్మలాంటి ఇంకో మనిషి దూకలేకపోవచ్చు.

"నాకు కనబడనిది ఉందని చెప్పలేను మల్లయ్యా. కానీ లేదని కూడా చెప్పను. ఆ గేటు దగ్గరికే పోయి చూద్దాం," అన్నాను.

మరునాడు పొద్దున్నే ముగ్గురం తోటకు వెళ్లాం. నేను మల్లయ్య పక్కన ముందు సీట్లో కూర్చున్నాను. గేటు ముందు పల్లంలో కారు ఆపాడు. నేను వంగి అతని కాలునే చూస్తూ కూర్చున్నాను. చెప్పు విడిచి, వట్టి పాదంతో పెడల్ మీద కాలు ఆనించి పెట్టాడు. కాసేపటికి పాదం మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది. కారు ముందుకు జరిగింది. హ్యాండ్ బ్రేక్ లాగాం.

దిగింది నిజమే. కానీ నేను చూసింది కిందికి దిగుతున్న పాదాన్ని. పెడల్ దిగుతూ పాదాన్ని తీసుకుపోతోందా, మడమ జారి పాదమే వాలిపోతోందా? దగ్గరనుంచి చూసినా రెండూ ఒకలాగే ఉన్నాయి. కాలు సడలితే పెడల్ పైకి రావాలి గానీ కిందికి దిగకూడదు కదా అని నా బుర్రకు తోచింది. కానీ చెప్పలేం. ముందు సడలి, బండి కదలగానే బెదిరి తొక్కి ఉండొచ్చు. నేను సీటు మారి అదే చోట కారు ఆపి తొక్కి పట్టాను. పెడల్ కదల్లేదు. మళ్లీ అతను. ఈసారి దిగలేదు. ఇంకోసారి, దిగింది. 

అన్నపూర్ణమ్మగారు గేటు పక్కన గొడుగు పట్టుకుని నిలబడి ఇదంతా చూస్తున్నారు. విసిగిపోయారు.

"నీ కాలూ వద్దు, అతని కాలూ వద్దు. ద్రాక్ష తూచే రాళ్లున్నాయి కదా తోట షెడ్డులో. ఒక రాయి తెచ్చి పెట్టండి ఆ పెడల్ మీద. రాయికి తిమ్మిరెక్కదు."

విసుగుతో అన్నమాటే. కానీ అన్ని రోజుల్లో నాకు తట్టని మాట. కారును లోపల చదునుగా ఉన్న చోటికి తీసుకెళ్లి ఆపాం. ద్రాక్ష పెట్టె పలక ఒకటి తీసుకుని, ఒక కొస సీటు అంచున, ఇంకో కొస పెడల్ మీద ఉండేట్టు పెట్టి, జారకుండా పురికొసతో కట్టాను. పెద్ద ఇనప రాయి ఎత్తి పెడల్ వైపు పలక మీద దభీమని పెట్టాను. పెడల్ కిందికి పోయి ఒకచోట ఆగింది. ఎక్కడ ఆగిందో పక్క రేకు మీద సుద్దతో గీత పెట్టాను.

అందరం చూస్తున్నాం. కోతకు వచ్చిన ఆడవాళ్లు కూడా బుట్టలు దించి వచ్చి నిలబడ్డారు. గీత దగ్గరే ఉండిపోయింది పెడల్. ఎంతసేపు చూసినా అక్కడే ఉంది. అన్నపూర్ణమ్మగారు గొడుగు ముడిచారు. మల్లయ్య ముఖం వైపు చూడలేకపోయాను.

అతను కారు దగ్గరికి వచ్చాడు. పలకను, రాయిని చూశాడు.

"నేను గిట్ల గుద్ది తొక్కను మిస్త్రీ. అయ్యగారికి కుదుపులు పడకపోతుండె. మొదట్నుంచి మెల్లగ ఆనించుడే నాకు అలవాటు. గా చిన్న రాయి మెల్లగ పెట్టి చూడుండ్రి."

పెద్ద రాయి తీసి, చిన్నవి పెట్టాను. ఒకటి చాల్లేదు, పెడల్‌ను పైకి లాగే స్ప్రింగు బిగువుకే సరిపోయింది. రెండోది చేతిలో పట్టుకుని, పసిపిల్లవాణ్ని పడుకోబెట్టినట్టు మెల్లగా వదిలాను. పెడల్ కొంత దిగి ఆగింది. గీత పెట్టాను. చెయ్యి తీసేసి బయటికి వచ్చాను.

మొదట ఏమీ కాలేదు. తరువాత గీతకూ పెడల్‌కూ మధ్య వెంట్రుక మందం సందు కనబడింది. ఆ సందు వేలి మందమైంది. ఎవరూ ముట్టుకోవడం లేదు. కారు లోపల ఎవరూ లేరు. పలక, దాని మీది రాళ్లు మెల్లమెల్లగా కిందికి దిగుతూ పోయి, చివరికి పెడల్ నేలకు ఆనుకుంది.

మల్లయ్య తలుపు పట్టుకుని చూస్తున్నాడు. నెమ్మదిగా వంగి తన కుడి మోకాలిని రెండు చేతులతో ఒకసారి నొక్కి చూసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే కారు షెడ్డుకు తెచ్చి మాస్టర్ సిలిండర్ విప్పాను. ఆ మోడల్‌లో అది డ్రైవరు కాళ్ల కింద, నేలరేకు అడుగున ఉంటుంది. రబ్బరు కప్పు అంచు ఒక పక్క గీసుకుపోయింది. సిలిండర్ లోపలికి చిటికెన వేలు పోనిస్తే ఒకచోట గరుకుగా తగిలింది. దీపం పెట్టి చూస్తే తుప్పు తిని చిన్న చిన్న గుంటలు పడ్డాయి. అయ్యగారు చనిపోయిన ఏడాది వానాకాలమంతా ఆ కారు కదలకుండా చెట్టుకింద ఉందని తరువాత తెలిసింది. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ఆ తేమ అడుగున చేరి ఇనుమును తినేసింది.

గట్టిగా తొక్కితే ఆయిల్ ఒత్తిడికి కప్పు అంచులు విచ్చుకుని గోడకు అతుక్కుంటాయి. అప్పుడు ఆ గుంటలు కూడా మూసుకుపోతాయి. మెల్లగా ఆనిస్తే అంచులు అంతగా విచ్చుకోవు. ఆయిల్ ఆ సందులోంచి కప్పు వెనక్కి జారి, మళ్లీ తన డబ్బాలోకే పోతుంది. అందుకే బయట ఒక్క చుక్క కూడా కనబడలేదు, డబ్బాలో మట్టం తగ్గలేదు. మేమంతా వెతికింది తడి కోసం. అది లోపల్లోపలే జరిగిపోతోంది. గట్టిగా తొక్కే అల్లుడిగారికీ, నాకూ, అమీర్‌పేట మెకానిక్‌కూ అది మంచి బ్రేకే.

అయితే మల్లయ్య మెల్లగా తొక్కినా కొన్నిసార్లు ఎందుకు జారలేదు? కప్పు ఆగిన చోట గుంట ఉంటే జారేది, లేకపోతే లేదు అని నాకు నేను చెప్పుకున్నాను. అదే నిజమా అంటే ఇప్పటికీ ప్రమాణం చేయలేను.

గుంటలు లోతుగా ఉన్నాయి కాబట్టి కొత్త రబ్బరు వేసి లాభం లేదు. నాలుగు రోజుల్లో దాన్నీ గీసేస్తుంది. సిలిండరే మార్చాలి. అప్పట్లో సామాను అడిగిన వెంటనే దొరికేది కాదు. రాణీగంజ్ దుకాణాలన్నీ తిరిగి చెప్పి ఉంచాను. అది వచ్చేదాకా కారు నా షెడ్డులోనే ఉంది. అన్నపూర్ణమ్మగారు కిరాయి జట్కాలో తోటకు వెళ్లొచ్చారు. ఇంకెవరో కారు ఇస్తామన్నా తీసుకోలేదు. కొత్త డ్రైవరు వద్దని అల్లుడికి కబురు పంపించారు. ఆ సంగతి మల్లయ్యకు ఆవిడ నేరుగా చెప్పలేదు. "సత్యం దగ్గర ఉండి బండి పని చూసుకో," అని మాత్రం అన్నారు. అతను రోజూ పుప్పాలగూడ నుంచి సైకిల్ మీద వచ్చి షెడ్డులో కూర్చునేవాడు.

కొత్త సిలిండర్ బిగించి, పాత ఆయిలంతా పారబోసి, కొత్తది పోసి బ్లీడింగ్ చేశాం. తరువాత ముగ్గురం తోట గేటు దగ్గరికి వెళ్లాం. పల్లంలో కారు ఆపమన్నాను. మల్లయ్య దభీమని తొక్కాడు. వెనక సీట్లో అన్నపూర్ణమ్మగారు ముందుకు తూలారు.

"నెమ్మదిగా తొక్కవయ్యా, నీ అలవాటు ప్రకారమే," అన్నాను.

"భయమైతున్నది."

"నేను హ్యాండ్ బ్రేక్ మీద చెయ్యి వేసే ఉన్నాను."

మెల్లగా ఆనించాడు. పెడల్ నిలబడింది. యాదమ్మ వచ్చి గొలుసు విప్పి, రెండు రెక్కలూ బార్లా తెరిచి, పక్కకు తొలిగేదాకా కారు కదల్లేదు.

అన్నపూర్ణమ్మగారు వెనకనుంచి అన్నారు. "మల్లయ్యా, మా ఇంట్లో వాళ్లు నిన్ను చాలా అన్నారు. నేనూ విని ఊరుకున్నాను."

"మీరేమంటరమ్మా. నేను గూడ అదే అనుకున్న," అన్నాడతను, గేరు వేస్తూ.

తరువాత కూడా అతను చాలాకాలం ఆ కారు నడిపాడు. ఒకసారి ఆయిల్ మార్పించడానికి వచ్చి, నేను పనిలో ఉంటే పక్కన కూర్చున్నాడు. మాటల్లో ఆ రోజుల సంగతి వచ్చింది.

"ఒకటి చెప్తే నమ్ముతరా మిస్త్రీ. గప్పుడు నా కాలు నిజంగనే తిమ్మిరెక్కింది. రాత్రి పండుకుంటే మొద్దు లెక్క ఉండేది. గిచ్చుకుంటే సుత తెలుస్తలేకుండె. సిలిండర్ మారినంక పోయింది. కాలుకు ఏం దవా చేయలే. మరి ఎట్ల పోయింది?"

నేను పానా చేతిలో పట్టుకుని ఆలోచించాను. బ్రేకు సంగతి కాబట్టి నాకు జవాబు తెలుస్తుందని అతని నమ్మకం. నాకు తెలియదనే చెప్పాను.

అతను వెళ్లాక ఆ రోజంతా అదే ఆలోచన. నలుగురు ఒకటే మాట అంటుంటే ఇనుములో ఉన్న జబ్బు మనిషి ఒంట్లోకి వచ్చేస్తుందన్నమాట. ఆ తరువాత నా షెడ్డులో ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరైనా వచ్చి బండిలో ఫలానా ఇబ్బంది ఉందంటే, తాళం చెవి అడిగి నేను ఎక్కి చూడటం ముందు కాదు. వాళ్లనే ఎక్కించి, పక్కన కూర్చుని, వాళ్లు రోజూ నడిపినట్టే నడపమంటాను. నాకు కనబడకపోతే "మీ బండి బాగుంది" అని చెప్పను. "నాకింకా దొరకలేదు" అంటాను. ఆ రెండు మాటలకూ ఎంత తేడా ఉందో, మల్లయ్య తన మోకాలు నొక్కి చూసుకున్నప్పుడు నాకు తెలిసింది.